ప్లగిన్ పలకడం లేదా? రెండుసార్లు పలుకుతోందా? నోడ్ జేఎస్ ఈవెంట్లలో చిక్కులు, విరుగుళ్లు

నోడ్ జేఎస్‌లో (జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ బయట నడిపే సాధనం) ఈవెంట్ ఎమిటర్‌ని, అంటే ఏదైనా జరిగినప్పుడు వినేవాళ్లకి కబురు చేరవేసే ఆబ్జెక్ట్‌ని, మధ్యలో పెట్టి ప్లగిన్లు (ప్రధాన ప్రోగ్రామ్‌కి విడిగా తగిలించే భాగాలు) నడిపేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఒక బిల్లింగ్ ప్రోగ్రామ్ ఉందనుకోండి. బిల్లు పూర్తి కాగానే అది ఒక ఈవెంట్‌ని ఎమిట్ చేస్తుంది, అంటే ఆ కబురు వదులుతుంది. స్టాక్ తగ్గించే ప్లగిన్, కస్టమర్‌కి ఎస్సెమ్మెస్ పంపే ప్లగిన్ ఆ ఈవెంట్ కోసం వింటూ ఉంటాయి. ఒకదాని ఉనికి ఇంకోదానికి తెలియదు. ఈ పద్ధతి బలమంతా అందులోనే ఉంది. ఎక్కడో తీగ తెగినా ఎవరికీ తెలియకపోవడానికి కారణం కూడా అదే.

సమస్య: ప్లగిన్ లోడైంది, పని మాత్రం చేయడం లేదు. ఎర్రర్ కూడా లేదు.

ముందు ఎమిట్ ఫంక్షన్ ఏం తిరిగి ఇస్తోందో చూడండి. ఆ ఈవెంట్‌కి ఒక్క లిజనర్ (ఈవెంట్ వచ్చినప్పుడు పిలవమని ప్లగిన్ ఇచ్చిన ఫంక్షన్) ఉన్నా ట్రూ వస్తుంది, ఎవరూ లేకపోతే ఫాల్స్ వస్తుంది. చాలామంది ఆ విలువని పట్టించుకోరు. ఫాల్స్ వస్తే కారణం దాదాపుగా రెండిట్లో ఒకటి: ఈవెంట్ పేరులో అక్షరం తేడా, లేదా ప్లగిన్ వినడం మొదలుపెట్టేలోపే ఈవెంట్ వెళ్లిపోవడం. జరిగిపోయిన ఈవెంట్‌ని ఎమిటర్ దాచిపెట్టదు.

పేర్లన్నీ ఒకే ఫైల్లో కాన్‌స్టంట్లుగా పెట్టి, అందరూ అక్కడినుంచే తీసుకునేలా చేయండి. ప్లగిన్లన్నీ రిజిస్టర్ అయ్యాకే మొదటి ఈవెంట్ వదలండి. ఆలస్యంగా వచ్చే ప్లగిన్‌కి పాత సంగతి కావాలంటే ఈవెంట్ మీద ఆధారపడనివ్వకండి, ప్రస్తుత స్థితిని నేరుగా అడిగే ఫంక్షన్ ఒకటి ఇవ్వండి.

సమస్య: ఒకే బిల్లుకి రెండు, మూడు ఎస్సెమ్మెస్‌లు వెళ్తున్నాయి. మెమరీ పెరుగుతూ పోతోంది.

ప్లగిన్‌ని ఆపి మళ్లీ లోడ్ చేసిన ప్రతిసారీ కొత్త లిజనర్ చేరుతోంది, పాతది పోవడం లేదు. ఒకే ఈవెంట్‌కి 10 లిజనర్లు దాటితే నోడ్ ఒక వార్నింగ్ ఇస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని ఆ పరిమితిని సున్నా చేసి వార్నింగ్ నోరు నొక్కడం. దయచేసి అలా చేయకండి. నిజంగా పదికి మించి ప్లగిన్లు వినాల్సిన ఈవెంట్ అయితే, దానికి తగ్గ సంఖ్య ఇవ్వండి. లేదంటే ట్రేస్ వార్నింగ్స్ ఆప్షన్‌తో ప్రోగ్రామ్ నడిపితే, ఆ హద్దు దాటించిన లిజనర్ ఏ లైనులో చేరిందో కనిపిస్తుంది.

"మేం ఆఫ్ పిలుస్తున్నాం కదా" అని ప్లగిన్ రాసినవాళ్లు అంటారు (లిజనర్‌ని చేర్చేది ఆన్, తీసేది ఆఫ్). పిలిచే ఉంటారు. కానీ ఆఫ్‌కి ఇచ్చిన ఫంక్షన్, ఆన్‌కి ఇచ్చిన ఫంక్షన్ అచ్చంగా ఒకటే కావాలి. ఫంక్షన్‌ని ఒక ఆబ్జెక్ట్‌కి కట్టేందుకు బైండ్ చేసిన ప్రతిసారీ కొత్త ఫంక్షన్ పుడుతుంది. అక్కడికక్కడ రాసిన యారో ఫంక్షన్‌దీ అదే కథ. పోలిక లేకపోతే ఆఫ్ ఏమీ తీయదు, ఏమీ చెప్పదు. పైగా ఒకే ఫంక్షన్‌ని రెండుసార్లు చేర్చి ఉంటే, ఒక్క ఆఫ్ పిలుపుకి ఒక్కటే పోతుంది.

అందుకే శుభ్రం చేసే బాధ్యత ప్లగిన్ రచయితకి వదలకూడదని నా గట్టి అభిప్రాయం. అసలు ఎమిటర్‌ని ప్లగిన్ చేతికి ఇవ్వకండి. ప్లగిన్‌కో చిన్న ముసుగు ఆబ్జెక్ట్ ఇవ్వండి. దాని ద్వారా చేరిన ప్రతి లిజనర్‌నీ ప్రధాన ప్రోగ్రామే ఆ ప్లగిన్ పేరు మీద రాసుకుని, ప్లగిన్ దిగిపోయేటప్పుడు వరసగా తీసేస్తుంది. ఆ ఈవెంట్ మీద ఉన్న లిజనర్లన్నిటినీ ఒక్క వేటుతో తీసేసే పద్ధతి వాడితే పక్క ప్లగిన్లవీ పోతాయి. ఇంకో సూక్ష్మం ఉంది: ఎమిట్ నడుస్తుండగా లిజనర్‌ని తీసినా ఆ విడతలో దాని వంతు వస్తుంది. కాబట్టి ముసుగులో "ఆగిపోయింది" అనే గుర్తు పెట్టి, పిలిచే ముందు చూసుకోండి.

సమస్య: ఎస్సెమ్మెస్ ప్లగిన్ పడిపోతే స్టాక్ కూడా తగ్గడం లేదు.

ఎమిట్ లిజనర్లని చేరిన వరసలో, ఒకదాని తర్వాత ఒకటి, అక్కడికక్కడే పిలుస్తుంది. ఒకటి ఎర్రర్ విసిరితే వెనకున్నవాటికి పిలుపే అందదు. ఆ ఎర్రర్ నేరుగా బిల్లు వేసే కోడ్‌లోకి వచ్చి పడుతుంది. పైన చెప్పిన ముసుగులోనే ప్రతి పిలుపునీ ఎర్రర్‌ని పట్టుకునే ట్రై క్యాచ్‌లో పెట్టి, ఏ ప్లగిన్, ఏ ఈవెంట్ అన్నది లాగ్ చేయండి.

ఎసింక్ లిజనర్లకి (పని తర్వాత పూర్తవుతుందని ప్రామిస్ అనే ఆబ్జెక్ట్ తిరిగిచ్చేవి) ఇది చాలదు. ఎమిటర్ వాటి కోసం ఆగదు, వాటి ప్రామిస్ విఫలమైతే ఆ ట్రై క్యాచ్‌కి దొరకదు. నోడ్ 15 నుంచి అలా పట్టుకోకుండా వదిలేసిన వైఫల్యం మొత్తం ప్రాసెస్‌నే పడగొడుతుంది. ముసుగులో తిరిగి వచ్చిన ప్రామిస్‌కి కూడా క్యాచ్ తగిలించండి. ఎర్రర్ అనే పేరున్న ఈవెంట్‌ని ఎమిట్ చేసినప్పుడు వినేవాళ్లు లేకపోతే కూడా ప్రోగ్రామ్ పడిపోతుంది, దానికి ఒక లిజనర్ తప్పకుండా ఉంచండి.

సమస్య: కాల్ స్టాక్ (ఇంకా పూర్తికాని ఫంక్షన్ పిలుపుల దొంతర) నిండిపోయిందన్న ఎర్రర్.

ధర మారిందన్న ఈవెంట్ విని ఒక ప్లగిన్ పన్ను మార్చింది, పన్ను మారిందని విని ఇంకోటి ధర మార్చింది. దీన్ని సెట్ ఇమ్మీడియట్‌లోకి (పిలుపుని కాసేపాగి నడిపించే ఫంక్షన్) నెడితే ఎర్రర్ మాయమవుతుంది, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది, సీపీయూ వేడెక్కుతుంది. విలువ నిజంగా మారినప్పుడే ఈవెంట్ వదలండి. ఎవరు మార్చారో ఈవెంట్‌తో పాటు పంపితే, తను మొదలుపెట్టిన మార్పుని ప్లగిన్ తనే గుర్తుపట్టి వదిలేయగలదు.

సమస్య: ప్లగిన్ల వరస మారితే మొత్తాలు మారుతున్నాయి.

అందరికీ ఒకే ఆబ్జెక్ట్ వెళ్తోంది, ఎవరో మధ్యలో దాన్ని దిద్దుతున్నారు. ఎవరూ మార్చలేకుండా ఫ్రీజ్ చేసి పంపండి, కానీ అది పైపొరనే కాపాడుతుంది, బిల్లు లోపలి ఒక్కో వస్తువు లైనునీ విడిగా ఫ్రీజ్ చేయాలి. డిస్కౌంట్ ప్లగిన్ మొత్తాన్ని నిజంగానే మార్చాల్సి ఉంటే అది ఈవెంట్ పని కాదు. విలువ తీసుకుని విలువ తిరిగిచ్చే ఫంక్షన్ల వరస ఒకటి విడిగా పెట్టి, ఏది ముందో అక్కడ స్పష్టంగా రాయండి.