అజైల్‌కి మారాలంటే ముందు పనిని నిలువుగా కోయండి

130 పేజీల రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ మీద సంతకాలు పెట్టించుకుని, ఏడు నెలలు కోడ్ రాసి, ఉద్యోగుల సెలవుల సాఫ్ట్‌వేర్ ఒకటి చేశాం. మొదటిసారి చూపిస్తే క్లయింట్ పది నిమిషాలు చూసి, "మా దగ్గర సెలవు ఇలా ఇవ్వరండీ" అన్నారు. డాక్యుమెంట్‌లో ఉన్నది ఉన్నట్టే చేశాం మరి! తప్పెవరిదని ఇంకో నెల వాదించుకున్నాం.

ముందు అంతా రాసుకుని, తర్వాత అంతా కట్టి, ఆఖర్న చూపించే ఈ పద్ధతినే వాటర్‌ఫాల్ అంటారు. దాంతో చిక్కు ఇదే, తప్పు చివర్లో గానీ బయటపడదు. ఒకదాని తర్వాత ఒకటిగా దశల బొమ్మ గీసిన విన్‌స్టన్ రాయిసే, 1970 నాటి ఆ వ్యాసంలోనే ఇలా చేస్తే ప్రమాదమని రాశాడు. బొమ్మ నిలిచింది, హెచ్చరిక పోయింది.

అజైల్‌కి, అంటే కొంచెం కొంచెంగా చేసి చూపిస్తూ దిద్దుకునే పద్ధతికి మారాలనుకుంటే, స్టాండప్ మీటింగులతో (ఎవరి పని ఎక్కడుందో రోజూ నిలబడి చెప్పుకునే చిన్న సమావేశాలు) మొదలుపెట్టకండి. మేం అదే చేశాం. పైగా డేటాబేస్ అంతా ఒక స్ప్రింట్ (మాకు రెండు వారాల పని విడత), స్క్రీన్లన్నీ ఇంకో స్ప్రింట్ అని పంచుకున్నాం. రెండు వారాలయ్యాక చూపించడానికి టేబుళ్లు తప్ప ఏమీ లేవు.

తర్వాత నిలువుగా కోశాం, అంటే స్క్రీన్ నుంచి డేటాబేస్ దాకా పనిచేసే చిన్న ముక్క ఒకటి ముందు తీసుకున్నాం. ఉద్యోగి ఒక రోజు సెలవు అడుగుతాడు, మేనేజర్ ఒప్పుకుంటాడు. అంతే. సగం పూట సెలవు, మిగిలిన సెలవుల లెక్క, మెయిళ్లు అన్నీ తర్వాత. స్క్రీన్ వికారంగా ఉన్నా ఫర్వాలేదు, అడిగిన సెలవు డేటాబేస్ దాకా వెళ్లి రావాలి.

రెండు వారాలకోసారి దాన్ని రేపు వాడబోయేవాళ్లకే ఇవ్వండి. స్లైడ్లు వద్దు, మౌస్ మీరు పట్టుకోవద్దు. చేతులు కట్టుకుని కూర్చోవడం కష్టమే. మా మూడో డెమోలో ఒకావిడ, "మేనేజరే సెలవులో ఉంటే ఎవరు ఒప్పుకుంటారు?" అని అడిగింది. 130 పేజీల్లో ఆ ప్రశ్న ఎక్కడా లేదు.

మిగిలిన పనుల్లో ఏది ముందో తేల్చేది ఒక్కరే, అంటే ప్రోడక్ట్ ఓనరే అయి ఉండాలి. స్టాండప్ 15 నిమిషాలు దాటనివ్వకండి. అందరూ మేనేజర్ మొహం చూస్తూ మాట్లాడుతున్నారంటే అది హాజరు పట్టీయే.

డాక్యుమెంట్లే వద్దని, అజైల్ మూలసూత్రాలు చెప్పిన 2001 నాటి అజైల్ మ్యానిఫెస్టో అనలేదు. వాటికన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్‌కి ఎక్కువ విలువ ఇవ్వమంది. ఆ వంకతో ఏమీ రాయని టీమ్‌లను చూశాను, వాళ్ల కోడ్ ముట్టుకోవాలంటే నాకు టెన్షన్.

తేదీ, డబ్బు ముందే ఖాయమైన కాంట్రాక్టైతే, కొత్త పని ఒకటి చేరితే అంత పరిమాణంలో పాతది ఒకటి తీసేస్తామని మొదటి రోజే రాసుకోండి. మేం రాసుకోలేదు. చివరి రెండు నెలలూ శనివారాలన్నీ ఆఫీసులోనే గడిచాయి.