అమ్మమ్మ ఊరికి పిల్లల్ని పంపే ముందు

ఏప్రిల్ చివరి వారంలో సెలవులిస్తే బడులు మళ్లీ తెరిచేది మామూలుగా జూన్ 12న. ఈ ఏడు వారాల్లో కొన్నాళ్లైనా పిల్లలు అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో గడపాల్సిందే. మామిడి చెట్టు కింద ఆడుకోవడం, ఆరుబయట పడుకోవడం వాళ్లకు ఇంకెక్కడ దొరుకుతాయి? అందుకే వద్దని ఎప్పుడూ అనను. కానీ బస్సెక్కించే ముందు అక్కడి పెద్దవాళ్లతో కొన్ని మాటలు మాట్లాడుకోవాలి.

మూడేళ్ల కిందట మా అమ్మవాళ్లింట్లో ఆవకాయ పెడుతున్నాం. ఇంట్లో ఎనిమిది మంది పెద్దవాళ్లం. కాయలు కడిగేవాళ్లు, తుడిచేవాళ్లు, ముక్కలు కొట్టేవాళ్లు, అందరికీ చేతినిండా పనే. ఉప్పు కోసం లోపలికి వెళ్తూ వెనక తలుపులోంచి చూస్తే, పెరట్లో సిమెంటు గోలెం అంచు మీద పొట్ట ఆనించి నాలుగేళ్ల మావాడు కనిపించాడు. మడమలు నేల మీద లేవు. నీళ్లలో పడిన స్టీలు గ్లాసు కోసం చెయ్యి చాపి, ముఖం నీళ్లకు జానెడు దూరంలో పెట్టి ఉన్నాడు. చిన్న చప్పుడు కూడా లేదు. పరుగెత్తి నడుం పట్టుకుని లాగాను. "నీ దగ్గరున్నాడనుకున్నానే" అంది అక్క. నేను అక్క దగ్గరున్నాడనుకున్నాను.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. చిన్నపిల్లల్ని పేరు పెట్టి ఒకరికి అప్పజెబుతాం. "పిన్నీ, స్నానం చేసొస్తా, వీణ్ణి చూడు" అని చెప్పి, పిన్ని "సరే" అన్నాకే కదులుతాం. చూసేవాళ్ల చేతిలో ఫోను ఉండకూడదు. పదేళ్ల అక్కకో అన్నకో అప్పజెబితే అప్పజెప్పినట్టు కాదు, వాళ్లూ పిల్లలే.

అన్నిటికన్నా నాకు భయం నీళ్లంటేనే. పసివాళ్లకు బకెట్లో జానెడు నీళ్లు చాలు. మునిగిపోయే పిల్లలు కేకలేస్తారనుకుంటాం, కానీ ఊపిరి అందని పిల్లకు అరవడానికి గాలి ఎక్కడిది? వాడనప్పుడు బకెట్లు బోర్లించండి. సంపు మూతకు తాళం వేయించండి, గోలేనికి బరువైన మూత చేయించండి. వేసవిలో చెరువు చూస్తే మోకాలి లోతే అనిపిస్తుంది. కానీ పొలాలకో ఇటుక బట్టీలకో మట్టి తవ్వుకెళ్లిన గుంతలు లోపలే ఉంటాయి, రెండడుగులు వేస్తే పెద్దవాళ్లకే నిలువు లోతు. డెల్టా ఊళ్లలో కాలువలకు నీళ్లు ఆపేసినా లాకుల దగ్గర మడుగులు మిగులుతాయి. పట్నంలో స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకున్న ఈత నమ్మి పిల్లల్ని వ్యవసాయ బావిలో దించొద్దు, అక్కడ కాలు ఆనే చోటే ఉండదు. ఈత నేర్పాలంటే నడుముకు బెండు కట్టి, తాడు గట్టున ఈత బాగా వచ్చిన పెద్దమనిషి చేతిలో ఉండాలి.

పెద్ద పిల్లలకు ఈ ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి: తోటివాడు మునిగిపోతుంటే వెనకాలే దూకొద్దు. ఒకరి కోసం ఒకరు దూకి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు ఏటా చదువుతున్నాం. తాడో, వెదురు కర్రో, చీరో విసరాలి, పెద్దవాళ్లను కేకేయాలి. బయటికి తీశాక తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం చేయొద్దు, అక్కడే విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి ఆడకపోతే ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా ఇంకొకరు తల కొంచెం వెనక్కి వాల్చి, ముక్కు మూసి నోట్లోకి 5 సార్లు ఊదాలి. అయినా కదలిక లేకపోతే ఛాతీ మధ్య 30 సార్లు నొక్కడం, 2 సార్లు ఊదడం, ఇలా అంబులెన్స్ వచ్చేదాకా ఆపకుండా చేయాలి.

ఇక కరెంటు. ఇనుప బాడీ కూలర్ ఉంటే పిల్లలు వెళ్లకముందే ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించండి. నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపడమే కాదు, ప్లగ్గు పీకాలి, ఆ పని పెద్దవాళ్లే చేయాలి. బట్టలారేసే ఇనుప తీగను మాత్రం మొదటి రోజే విప్పి నైలాన్ తాడు కట్టించండి. తెగిన సర్వీసు వైరు ఆ తీగకు తగిలితే తడి బట్ట ఆరేయబోయినవాళ్ల ప్రాణం మీదికొస్తుంది. మా అమ్మ "ఇన్నేళ్లనుంచీ అదే కదే" అంది, అయినా విప్పించాను.

ఎండ సంగతి అందరికీ తెలిసిందే, పదకొండు నుంచి నాలుగు దాకా నీడపట్టునే ఉంచండి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, గ్లాసుకు చిటికెడు చొప్పున కాదు. ఆగి ఉన్న కారు తాళం ఎప్పుడూ వేసే ఉంచండి, దాగుడుమూతల్లో పిల్లలు అందులోకి దూరతారు. ఐదేళ్లలోపు వాళ్లకు సపోటా గింజలు తీసి పెట్టండి, పల్లీలు పెట్టకండి.

రాత్రి కింద పడుకోబెట్టాల్సి వస్తే దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పే తెలియదు. తెల్లారి పిల్ల కనురెప్పలు వాలుతున్నా, కడుపునొప్పంటున్నా అనుమానించి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కట్లు కట్టొద్దు, మంత్రాలకని ఆగొద్దు.

కుక్క కరిచినా, రక్తం రాకుండా గోరు గీరుకున్నా, సబ్బుతో ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. టీకా మొదటి డోసు ఆ రోజే వేయించాలి, తర్వాతవి 3, 7 రోజులకు, ఆపైన డాక్టర్ చెప్పిన తేదీలకు. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ (గాయం చుట్టూ వేసే రేబిస్ ఇంజెక్షన్) కూడా కావాలేమో అడగండి. చివరి డోసు నాటికి పిల్లలు తిరిగి ఇంటికొచ్చేసి ఉంటారు కాబట్టి, ఆ ఆసుపత్రి చీటీ ఫొటో తీసుకుని, అసలు చీటీ పిల్లల బట్టల సంచిలోనే పెట్టి పంపమని అమ్మకు ముందే చెప్పండి.