బ్రెకెన్‌రిడ్జ్‌లో మొదటి స్కీయింగ్ రోజు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

డాలస్, హ్యూస్టన్ వైపు మన వాళ్ళు చాలామంది చలికాలం సెలవులకి కొలరాడో వెళ్ళి, స్కీలనే పొడుగాటి పలకలు బూట్లకి తగిలించుకుని మంచు వాలు మీద జారే స్కీయింగ్ మొదలుపెడతారు. బ్రెకెన్‌రిడ్జ్ అక్కడి పెద్ద స్కీ రిసార్టు. పీక్ 6 నుంచి పీక్ 10 దాకా వరసగా ఐదు కొండలు. అక్కడ మొదటి రోజు పాడయ్యేది భయం వల్లో చేతకాకపోవడం వల్లో అనుకుంటారు గానీ, నేను చూసినంతలో నొప్పి ఒకచోట, దాని మూలం ఇంకోచోట ఉంటుంది.

ముందురోజు రాత్రే తలనొప్పి, నిద్ర పట్టదు, అన్నం సహించదు

చలి తగిలిందనుకుని ఒక మాత్ర వేసుకుని ముసుగుతన్ని పడుకుంటారు. అది చలి కాదు, ఎత్తు. బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 9,600 అడుగుల ఎత్తున ఉంది. మన తిరుమల కొండ సుమారు 2,800 అడుగులు. మూడు తిరుమలలు ఒకదాని మీద ఒకటి పేర్చినా ఈ ఊరు ఇంకా పైనే ఉంటుంది. పీల్చే గాలిలో అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 30 శాతం తక్కువ. పొద్దున డాలస్‌లో టిఫిన్ చేసి రాత్రికి అక్కడ పడుకుంటే ఒంటికి సర్దుకునే వ్యవధి ఎక్కడిది?

వీలైతే మొదటి రాత్రి 5,280 అడుగుల ఎత్తున ఉన్న డెన్వర్‌లో ఆగి మర్నాడు ఎక్కండి. నీళ్ళు తరచుగా తాగండి, ఆ రాత్రి మద్యం వద్దు. తలనొప్పి తగ్గేదాకా ఇంకా పైకి పోకండి. పీక్ 8 మీద ఇంపీరియల్ అనే లిఫ్ట్ (తాడుకి వేలాడే కుర్చీలు) 12,840 అడుగులకి చేరుస్తుంది, ఫొటో కోసం మొదటి రోజే దానిమీదికి ఎగబడొద్దు. ఆగని వాంతులు, నడకలో తూలడం, కూర్చున్నా ఆయాసం, వీటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టరుకి చూపించి కిందికి దిగిపోవాలి. ఇందులో మొహమాటం పనికిరాదు.

క్లాసు పీక్ 9లో, మీరేమో పీక్ 8లో

ఊళ్ళోంచి వెళ్ళే ఉచిత గొండోలా, అంటే తాడు మీద నడిచే కేబుల్ కారు, పీక్ 7, పీక్ 8లకే పోతుంది. అందరూ ఎక్కుతున్నారని ఎక్కేస్తే అంతే. మీ స్కీయింగ్ క్లాసు ఏ కొండ దగ్గరో ముందురోజే చూసుకోండి. పీక్ 9కి ఊళ్ళోంచి బస్సుంది, బస దగ్గర్లోనే అయితే నడిచే వెళ్ళొచ్చు.

బూట్లు ప్రాణం తీస్తున్నాయి

రోజంతా బాగుండటం, పాడవటం ఇక్కడే తేలిపోతుంది. మా బావమరిది కిందటిసారి రెండు జతల ఉన్ని సాక్సులు వేసుకుని, వదులుగా ఉంటే హాయి అని ఒక సైజు పెద్ద బూటు తీసుకున్నాడు. పాదం లోపల జారుతోందని బకిల్స్ బిగించాడు. పదిన్నరకల్లా వేళ్ళకి స్పర్శ పోయింది. బూటు విప్పి చూస్తే థర్మల్ ప్యాంటు అంచు బూటులోపల మడతపడి, మోకాలి కింద ముందు ఎముక మీద ఎర్రటి గాడి చేసింది. ఆ మడత మందం పప్పుబద్దంత కూడా లేదు.

సాక్సు ఒక్కటే ఉండాలి. పల్చగా, మోకాలి దాకా. థర్మల్ ప్యాంటు బూటుకి పైనే ఆగిపోవాలి. బూటు తొడిగాక మడమని నేలకేసి రెండుసార్లు కొట్టి వెనక్కి సర్దండి, పై బకిల్స్ ముందు పెట్టండి, కిందవి ఊరికే తగిలించండి. నిటారుగా నిలబడితే వేళ్ళు బూటు ముందుభాగానికి తగలాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి రావాలి. అలా రాకపోతే షాపులోనే మార్పించుకోండి. క్యూ ఎంత పొడుగున్నా సరే.

బూటు స్కీకి తగులుకోవట్లేదు

బూటు అడుగున మంచు గట్టిపడి ఉంటుంది. గీకేయండి. ముందు వేళ్ళవైపు పెట్టి, తర్వాత మడమ తొక్కితే టక్కున చప్పుడొస్తుంది. వాలు మీదైతే కిందివైపు స్కీ ముందు పెట్టుకోవాలి.

తొడలు మండుతున్నాయి, స్కీలు మాట వినట్లేదు

కండబలం చాలట్లేదని సరిపెట్టుకుంటారు. నిజానికి కింది వాలు చూసి భయమేసి, ఒళ్ళు వెనక్కి పోతుంది. కుర్చీ లేకుండా కుర్చీలో కూర్చున్నట్టు బరువంతా తొడలమీద పడుతుంది. స్కీల ముందుభాగం తేలిపోయి ఎటు తిప్పినా తిరగవు. కాబట్టి చెయ్యాల్సింది మనసుకి నచ్చని పనే: ముందుకి వంగాలి. మోకాలి కింది ఎముక బూటు ముందు అంచుని నొక్కుతూనే ఉండాలి. చేతులు రెండూ మీ కంటికి కనిపించేంత ముందు ఉంచండి.

స్కీల ముందుకొనలు దగ్గర, వెనక కొనలు దూరం పెట్టే ఆకారాన్ని అక్కడ పిజ్జా అంటారు. కిందిదాకా పిజ్జాతోనే బ్రేకు వేస్తే తొడలు మళ్ళీ మండుతాయి. మలుపు తిరిగి వాలుకి అడ్డంగా పోండి, వేగం దానంతటదే చస్తుంది. కుడికి తిరగాలంటే ఎడమకాలి మీద బరువు వెయ్యాలి.

పడితే లేవలేకపోతున్నారు

స్కీలు కొండ కిందికి చూస్తుంటే లేచేలోపే జారిపోతాయి. వాటిని మీకు కిందివైపున, వాలుకి అడ్డంగా తెచ్చుకుని అప్పుడు లేవండి. కుదరకపోతే పైవైపు స్కీ విప్పేయండి.

గాగుల్స్‌కి ఆవిరి పట్టింది

చెమటపట్టిన నుదుటి మీదికి ఎత్తుకోవడం వల్ల. లోపలివైపు తుడవకండి, ఆవిరి పట్టకుండా వేసిన పూత పోతుంది. లోపల హాల్లో కాసేపు ఆరనివ్వండి.

మూడు దాటాక ప్రతిదానికీ పడుతున్నారు

పొద్దున వచ్చిన మలుపు సాయంత్రం రాకపోతే మర్చిపోయామని కంగారుపడి ఇంకోసారి ఎక్కుతారు. కాళ్ళు అలిసిపోయాయి, జనం తిరిగి తిరిగి మంచు గట్టిపడింది, నీడ పడి ఎగుడుదిగుళ్ళు కంటికి ఆనట్లేదు. అక్కడితో ఆపేయండి. సగం కొండ మీద కాళ్ళు సహకరించకపోతే అంచుకి జరిగి, స్కీ పెట్రోల్‌ని, అంటే కొండ మీద తిరిగే సహాయ సిబ్బందిని పిలవండి, వాళ్ళు స్లెడ్డు (మంచు మీద లాగే బండి) మీద దింపుతారు. ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్ళకి పైవైపు వాలులో రెండు స్కీలు ఇంటూ గుర్తులా గుచ్చండి. పైనుంచి వచ్చేవాళ్ళు అది చూసి పక్కకి తప్పుకుంటారు.