పన్ను తీయించే ముందు ఒక్క నిమిషం

మా ఆయన గుండెలో మెటల్ వాల్వ్ ఉంది. గాజువాకలో మా ఇంట్లో రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే దాని టిక్ టిక్ నాకు వినబడుతుంది. అందుకే ఆయనకి పన్ను నొప్పి వచ్చినా నాకు గుండె టెన్షనే. మొన్న చలికాలంలో కింది దవడ పన్ను తీయించాం. వాల్వ్ ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే ఇది చదవండి.

పన్ను లాగేటప్పుడు చిగుళ్ల దగ్గరి బాక్టీరియా రక్తంలోకి దిగుతుంది. పళ్లు తోముకున్నప్పుడూ కొంత దిగుతుంది. మామూలుగా అయితే ఒంట్లోని రక్షణ శక్తే కాసేపట్లో దాని పని పట్టేస్తుంది. కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్లకి, ఇదివరకే ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొరకి, వాల్వ్‌లకి సోకే ఇన్ఫెక్షన్) వచ్చినవాళ్లకి, పుట్టుకతో వచ్చిన కొన్ని గుండె జబ్బులవాళ్లకి మాత్రం ఆ బాక్టీరియా గుండెలో తిష్ట వేసే ప్రమాదం ఎక్కువ.

ఆ బాక్టీరియాని తగ్గించడానికి మందుతో పుక్కిలించాల్సింది పన్ను తీసిన వెంటనే కాదు, తీసే ముందు. సువాసన కోసం వాడే పుదీనా మౌత్ వాష్ దీనికి పనికిరాదు. డెంటిస్టులు ఎక్కువగా రాసేది 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్. కొలమూతతో 10 మిల్లీలీటర్లు పోసుకుని, గడియారం చూసుకుంటూ నిమిషం తిప్పాలి. గొంతులో గరగరలాడించడం కాదు, బుగ్గలు ఉబ్బించి పళ్ల సందుల్లోంచి అటూ ఇటూ తోయాలి. ఉమ్మేశాక నీళ్లతో కడుక్కోకూడదు. టూత్‌పేస్ట్‌కీ దీనికీ పడదు, మధ్యలో అరగంట ఎడం ఉండాలి. కొన్ని సీసాల మీద నీళ్లు కలపమని ఉంటుంది, లేబుల్ చూడండి.

ఇంత చేసినా ఆ మందు చిగుళ్ల లోతుకి చేరదు. బాక్టీరియా తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. కాబట్టి పుక్కిలించాం కదా అని, పన్ను తీసే ముందు వేసుకోమన్న యాంటీబయాటిక్ మానేయకూడదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లో ఆ ముందస్తు మోతాదుని ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్లకే పరిమితం చేసింది. మా ఆయన ఆ లెక్కలోకి వస్తారు. డాక్టర్ రాసినట్టు అమోక్సిసిలిన్ 500 మిల్లీగ్రాములవి నాలుగు, పన్ను తీయడానికి గంట ముందు ఒకేసారి వేసుకున్నారు. పెన్సిలిన్ పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. రక్తం పలచబడే మందు మాత్రం సొంతంగా ఆపకండి. మాకు ముందు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే పరీక్ష) చూసి, గుండె డాక్టర్‌తో మాట్లాడాకే డేట్ ఇచ్చారు.

మేం తప్పు చేసింది ఇంటికొచ్చాక. ఆ సాయంత్రం "నోరంతా నెత్తురు వాసనే" అని ఆయన మిగిలిన మందుతో గట్టిగా పుక్కిలించేశారు. గడ్డకట్టిన రక్తం కాస్తా ఊడిపోయి మళ్లీ కారడం మొదలైంది. దూది కరిచిపెట్టి అరగంట నొక్కితే గానీ ఆగలేదు. మొదటి 24 గంటలు పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, స్ట్రాతో తాగకూడదు. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో పోసుకుని, తల మెల్లగా అటూ ఇటూ వంచి వదిలేస్తే చాలు.

తర్వాత డెంటిస్ట్ ఆ క్లోర్‌హెక్సిడిన్‌నే వారం రోజులు వాడమన్నారు. నాలుగో రోజుకల్లా "ఏటే, చేపల పులుసు ఇంత చప్పగా ఉంది?" అని నామీద పడ్డారు. ఉప్పు సరిపోయిందండీ, ఆయన నాలుకే మొద్దుబారింది. మానేశాక రుచి తిరిగొస్తుంది. రోజుకి ఐదు టీలు తాగే మనిషి కాబట్టి పళ్ల మీద గోధుమరంగు మరకలూ పడ్డాయి. చెప్పినన్నాళ్లు దాటి వాడకండి.

పన్ను తీసిన తర్వాతి వారాల్లో తగ్గని జ్వరం, రాత్రి చెమటలు, అకారణ నీరసం ఉంటే గుండె డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. మందుల షాపులో యాంటీబయాటిక్ అడిగి వేసుకుంటే, క్రిమిని పెంచి చూసే పరీక్ష అయిన రక్తం కల్చర్‌లో క్రిమి దొరక్కపోవచ్చు, కాబట్టి ముందు రక్తం ఇవ్వాలి. స్ట్రిప్‌లో మిగిలిన ఆరు అమోక్సిసిలిన్ క్యాప్సూల్స్‌ని ఆయన చేతికి అందకుండా ఆ రాత్రే తీసేశాను.