లొకేషన్‌లో డంప్ చేసిన ఫుటేజ్ ఎడిట్ రూమ్‌లో ఎందుకు దొరకదు?

డీఐటీని (సెట్‌లో ఫుటేజ్‌ని కాపీ చేసి భద్రపరిచే టెక్నీషియన్‌ని) పెట్టుకునే బడ్జెట్ ఉన్న యూనిట్లకు ఇది అక్కర్లేదు. పెళ్లి వీడియోలు, షార్ట్ ఫిల్ములు, డాక్యుమెంటరీలు, చిన్న వెబ్ సిరీస్‌లు తీసేవాళ్ల కోసం రాస్తున్నాను. అంటే కెమెరా అసిస్టెంటో, నిన్నగాక మొన్న చేరిన అసిస్టెంట్ డైరెక్టరో వ్యాన్ వెనక సీట్లో కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కార్డులు డంప్ చేసే, అంటే కార్డులోని ఫుటేజ్‌ని డిస్క్‌లోకి కాపీ చేసే చోటు. రీడర్ ఎలా పెట్టాలి, ఫైళ్లు ఎలా లాగాలి వంటివి చెప్పను. ఒక్కటి మాత్రం ముందే చెప్తాను. ఫార్మాట్ కొట్టే ముందు కార్డులో ఎన్ని ఫైళ్లు, ఎన్ని బైట్లు ఉన్నాయో చూడండి, డిస్క్‌లోని ఫోల్డర్‌లో కూడా అన్నే ఉన్నాయో లేదో చూడండి. రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అర నిమిషం పని. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం ఆ అర నిమిషం మిగుల్చుకోబోయి తెచ్చుకున్నవే.

"కాపీ నత్తనడకన నడుస్తోంది"

కార్డునీ డిస్క్‌నీ తిట్టే ముందు కేబుల్ చూడండి. ఫోన్ ఛార్జర్‌తో వచ్చే టైప్-సి కేబుళ్లలో చాలావరకు యూఎస్‌బీ 2.0వే. ఎస్‌ఎస్‌డీతో ఇచ్చిన కేబుల్ పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. యూఎస్‌బీ 2.0 మీద సెకనుకు 35-40 ఎంబీకి మించి రాదు కాబట్టి 128 జీబీ కార్డుకి దాదాపు గంట పడుతుంది. అదే కార్డు సరైన కేబుల్, మంచి యూహెచ్‌ఎస్-1 (వేగంగా చదివే ఎస్‌డీ కార్డుల ప్రమాణం) రీడర్ ఉంటే అరగంటలోపే అయిపోతుంది. డిస్క్‌తో వచ్చిన కేబుల్‌కి రంగు టేప్ చుట్టి దాని పౌచ్‌లోనే ఉంచండి, ఫోన్ ఛార్జింగ్‌కి ఎవరడిగినా ఇవ్వకండి.

మొదట్లో బాగా వెళ్లి సగంలో స్పీడ్ పడిపోతోందంటే అది డిస్క్ సంగతి. చవక ఎస్‌ఎస్‌డీల్లో వేగంగా రాసుకునే భాగం కొంతే ఉంటుంది, అది నిండగానే చతికిలపడతాయి. లొకేషన్‌లో దానికి మందు లేదు. కార్డు పూర్తిగా నిండేదాకా ఆగకుండా లంచ్ బ్రేక్‌లోనే మార్చేసి డంప్ మొదలుపెట్టండి.

"కాపీ మధ్యలో డిస్క్ మాయమవుతోంది"

కరెంటు చాలట్లేదు. సొంత అడాప్టర్ లేని చిన్న హబ్‌కి రెండు హార్డ్ డిస్కులు, ఒక కార్డు రీడర్ తగిలిస్తే ఏదో ఒకటి ఊడుతుంది. డిస్కుల్ని నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టి రీడర్‌ని మాత్రం హబ్‌లో ఉంచండి. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్టింగ్ మార్చండి. అడాప్టర్‌తో నడిచే పెద్ద డిస్క్ అయితే జనరేటర్ ఆపరేటర్‌కి ముందే ఒక మాట చెప్పి ఉంచండి. "ప్యాకప్" అన్న మరుక్షణం ఆయన స్విచ్ ఆపేస్తాడు, కాపీ 80 శాతం దగ్గర ఉందని ఆయనకెలా తెలుస్తుంది?

ఇలా మధ్యలో తెగిన కాపీని ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి కొనసాగించకండి. ఆ ఫోల్డర్‌ని పక్కన పెట్టి, కొత్త ఫోల్డర్‌లోకి మొదటినుంచి చెయ్యండి.

"అన్నా, మధ్యాహ్నం సీన్ క్లిప్పులు లేవంటున్నాడు ఎడిటర్"

ఆ వెంటనే వచ్చే మాట కూడా నాకు కంఠతా వచ్చు. "కాపీ చేశాం కదన్నా, ఎర్రర్ కూడా రాలేదు. చివరి క్లిప్ ప్లే చేసి మరీ చూశాం." వాళ్లు చెప్పేదాంట్లో అబద్ధం లేదు, చిక్కంతా అక్కడే.

సోనీ ఆల్ఫా కెమెరాలు క్లిప్పులకు సి0001, సి0002 అని పేర్లు పెట్టుకుంటూ పోతాయి. మెనూలో ఫైల్ నంబర్ 'రీసెట్' మీద ఉంటే, కార్డు మారినప్పుడు లెక్క మళ్లీ ఒకటికి వస్తుంది. రెండో కెమెరా కూడా అదే మోడల్ అయితే అదీ సి0001 నుంచే మొదలెడుతుంది. కార్డు లోపల ఫోల్డర్ల పేర్లూ అవే: ప్రైవేట్, దాన్లో ఎం4రూట్, దాన్లో క్లిప్. ఏ రెండు కార్డులు తీసుకున్నా లోపల పేర్లు ఒకటే, దృశ్యాలే వేరు.

ఇప్పుడు చూడండి. ఉదయం కార్డులో 42 క్లిప్పులు ఉన్నాయి. డిస్క్‌లో 'డే 3' అని ఫోల్డర్ తెరిచి కార్డులో ఉన్నదంతా అందులోకి లాగారు. సాయంత్రం రెండో కార్డులో 57 క్లిప్పులు. దాన్నీ అదే 'డే 3'లోకి లాగారు. ఈ పేర్లతో ఫైళ్లు ఇప్పటికే ఉన్నాయి, రీప్లేస్ చెయ్యాలా, స్కిప్ చెయ్యాలా అని విండోస్ అడుగుతుంది. చీకటి పడుతోంది, వ్యాన్ డ్రైవర్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు. రీప్లేస్ అంటే ఏదో పోతుందని భయం, స్కిప్ అంటే ఏమీ పోదనే ధైర్యం. స్కిప్ నొక్కుతారు. రెండో కార్డులోని మొదటి 42 క్లిప్పులు కార్డులోనే ఉండిపోతాయి, 43 నుంచి 57 వరకు ఉన్న పదిహేను మాత్రం డిస్క్‌లోకి వస్తాయి. చివరి క్లిప్ తెరిచి చూస్తే సాయంత్రం తీసిందే కనిపిస్తుంది. హమ్మయ్య అనుకుని ఫార్మాట్ కొట్టేస్తారు.

రీప్లేస్ నొక్కి ఉంటే సాయంత్రానివి 57 పూర్తిగా దక్కేవి, ఉదయానివి ఒక్కటీ మిగిలేది కాదు. మ్యాక్‌లో ఇంకో మెలిక ఉంది. ఫైండర్‌లో ఫోల్డర్ మీద రీప్లేస్ అంటే విండోస్‌లాగా కలపదు, పాత ఫోల్డర్‌ని మొత్తం తీసేసి ఆ స్థానంలో కొత్తది పెడుతుంది. విండోస్ అలవాటుతో మ్యాక్ ముందు కూర్చున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

రాత్రి హోటల్ గదిలో మొదటి డిస్క్ నుంచి రెండో డిస్క్‌కి కాపీ, దానికి చెక్‌సమ్ (రెండు ఫైళ్లూ అచ్చంగా ఒకటేనా అని చూసే లెక్క) కూడా పెడతారు. అన్నీ పచ్చ టిక్కులే వస్తాయి. డిస్క్‌లోకి రానే రాని ఫైలు గురించి చెక్‌సమ్ ఏం చెప్తుంది? మొదటి డిస్క్‌లో ఉన్న లోటే రెండో దాంట్లోకీ వెళ్తుంది, రెండూ అక్షరం పొల్లుపోకుండా సరిపోతాయి. అందుకే రెండు కాపీలూ కార్డు నుంచే తియ్యాలి, పోలికా కార్డుతోనే చూడాలి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో మీడియా పేజీలో క్లోన్ టూల్ ఉంది, ఒకే కార్డు నుంచి ఒకేసారి రెండు డిస్కులకు చెక్‌సమ్‌తో రాస్తుంది. విండోస్‌లో టెరాకాపీ అనే కాపీ సాఫ్ట్‌వేర్‌లోని వెరిఫై కూడా మంచిదే, కానీ దాంట్లో కూడా స్కిప్ నొక్కితే ఫలితం అదే.

అనుమానం ఉంటే ఇలా పట్టుకోండి. డిస్క్‌లో క్లిప్ ఫోల్డర్‌ని డీటెయిల్స్ వ్యూలో పేర్ల వరుసలో పెట్టి, పక్కన టైమ్ కాలమ్ చూస్తూ కిందికి రండి. సి0042 ఉదయం 11:50కి, సి0043 సాయంత్రం 5:40కి అని ఉంటే ఆగండి. అది లంచ్ బ్రేక్ కాదు. కంటిన్యుటీ షీట్ తీసి ఆ మధ్యలో ఏయే షాట్లు తీశారో చూస్తే తేలిపోతుంది.

కార్డు ఇంకా ఫార్మాట్ కాలేదంటే అదృష్టం, కొత్త ఫోల్డర్‌లోకి మళ్లీ డంప్ చెయ్యండి. ఫార్మాట్ అయిపోయి ఉంటే రికవరీకి ముందు డిస్క్‌లో ఎం4రూట్‌లోని 'సబ్' అనే ఫోల్డర్ తెరవండి. రెండు కెమెరాల్లో ఒక్కదాంట్లోనే ప్రాక్సీ రికార్డింగ్ (అసలు క్లిప్‌తో పాటు చిన్న సైజు కాపీ కూడా తీసుకోవడం) ఆన్‌లో ఉండి ఉంటే ఆ ప్రాక్సీలకు పేర్ల గొడవ వచ్చి ఉండదు, చిన్న సైజులోనైనా షాట్లు ఉంటాయి. చాలామంది అది తెరిచి చూడరు.

ఇక మీదట కార్డుకో ఫోల్డర్. రోజు, కెమెరా, కార్డు నంబరు: 'డే03_బీక్యామ్_కార్డ్07'. కార్డు నంబరు షూట్ మొత్తానికి పెరుగుతూనే ఉండాలి, ఏ రోజూ మళ్లీ ఒకటికి రాకూడదు. కెమెరాలో ఫైల్ నంబర్‌ని 'సిరీస్'కి మార్చండి, పేరుకి టైటిల్ చేర్చుకునే వీలుంటే కెమెరాకో అక్షరం పెట్టండి. ఇంత చేశాక కూడా రీప్లేసా స్కిప్పా అన్న ప్రశ్న వచ్చిందంటే మీరు తప్పు ఫోల్డర్‌లో ఉన్నట్టు. క్యాన్సిల్ కొట్టండి, వేరే జవాబు లేదు.

లెక్క చూసేటప్పుడు 'సైజ్' చూడండి, 'సైజ్ ఆన్ డిస్క్' చూడకండి. రెండోది డిస్క్‌ని బట్టి మారుతుంది. మ్యాక్‌లో కాపీ చేసి విండోస్‌లో చూస్తే చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే బుల్లి ఫైళ్లు ఎక్కువ కనిపిస్తాయి, వాటిని పట్టించుకోకండి. ఫైళ్లు తగ్గితేనే కంగారు పడాలి.

గోప్రో వాడేవాళ్లకు దీని తమ్ముడు లాంటిది ఒకటుంది. పొడవైన క్లిప్పుని అది ముక్కలు చేస్తుంది, ముక్క నంబర్‌ని ముందు పెడుతుంది. జీఎక్స్010034కి రెండో ముక్క జీఎక్స్020034. పేర్ల వరుసలో పెడితే ఈ రెండూ పక్కపక్కన రావు, రెండోది ఎక్కడో కింద పడుతుంది. ఏరుకుని కాపీ చేస్తే రెండో ముక్క ఉండిపోతుంది. ఎప్పుడూ ఏరకండి, కార్డు మొత్తం తియ్యండి.

"క్లిప్ ఉంది గానీ తెరుచుకోవట్లేదు"

ఇజెక్ట్ చెయ్యకుండా డిస్క్ లాగేశారా? స్క్రీన్ మీద వంద శాతం వచ్చినా చివరి భాగం ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. కార్డు నుంచి మళ్లీ తీస్తే సరిపోతుంది. కార్డులోనే తెరుచుకోకపోతే రికార్డింగ్ నడుస్తుండగా బ్యాటరీ పోయి ఉంటుంది. కార్డుని అదే కెమెరాలో పెట్టి ఆన్ చెయ్యండి, రిపేర్ చెయ్యాలా అని అడిగితే సరే అనండి. అంతకుముందు ల్యాప్‌టాప్‌లో ఫైలు పేర్లు మార్చడం లాంటి ప్రయోగాలు వద్దు.

మిగతావి

ఎయిర్‌పోర్టు ఎక్స్-రేకి కార్డులు పోవు. వైరస్ అనేది చేసిన పొరపాటు చెప్పలేనివాళ్లు చెప్పే కారణం. నకిలీ కార్డులు నిజంగానే ఉన్నాయి, కొన్నరోజే ఇంట్లో నిండా రాసి వెనక్కి చదివి చూసుకోండి, లొకేషన్‌లో కాదు.

"ఫార్మాట్ అయిపోయింది, ఇప్పుడేం చెయ్యాలి?"

ఆ కార్డు మీద ఇంకో సెకను కూడా రికార్డ్ చెయ్యకండి. ఎస్‌డీ అయితే పక్కనున్న లాక్ కిందికి జరపండి. అసలు కెమెరాలోంచి తీసిన ప్రతి కార్డుకీ అప్పుడే లాక్ వేసి ఎర్ర టేప్ అంటించి, రెండు డిస్కుల లెక్క సరిపోయాకే టేప్ పీకే అలవాటున్న యూనిట్‌కి ఈ పేరా అవసరం రాదు. మామూలు ఫార్మాట్ అయితే ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే కొంత రావొచ్చు. లో-లెవల్ ఫార్మాట్ (కార్డులోని డేటానే చెరిపేసేది) అయితే ఆశ తక్కువ. బయట రికవరీకి ఇస్తే కెమెరా మోడల్, రికార్డింగ్ ఫార్మాట్, ఫ్రేమ్ రేటు రాసి ఇవ్వండి. అదే కెమెరాలో అవే సెట్టింగ్స్‌తో వేరే కార్డు మీద తీసిన మంచి క్లిప్ ఒకటి కూడా జతచెయ్యండి. తెగిపోయిన ఎంపీ4ని అతికించే సాఫ్ట్‌వేర్‌కి ఆ నమూనా కావాలి.