కెర్నెల్ కోసం ట్రేసింగ్ సాధనం రూపొందించే విధానం

విశాఖపట్నం మధురవాడలో మా బృందం పనిచేసే గదికి ఒకసారి ఒక గోదాము నుంచి లినక్స్‌తో నడిచే చిన్న కంప్యూటర్ బోర్డు వచ్చింది. కన్వేయర్ బెల్టును నడిపే ఆ బోర్డు రోజుకు ఒకటి రెండుసార్లు సరిగ్గా 2 సెకన్లపాటు ఆగిపోయి, మళ్ళీ తనంతట తానే కదిలేది. కారణం తెలుసుకోవడానికి, హార్డ్‌వేర్‌ను నడిపే డ్రైవర్‌లో ఏడెనిమిది చోట్ల ప్రింట్‌కే వరుసలు చేర్చాను; ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగమైన కెర్నెల్ నుంచి సందేశాలు అచ్చువేసే పిలుపే ప్రింట్‌కే. లోపం మాయమైంది. వాటిని తీసేస్తే తిరిగి వచ్చింది. ఆ సందేశాలు బయటికి వెళ్ళే సీరియల్ కన్సోల్ 115200 బాడ్ (సెకనుకు అన్ని బిట్ల) వేగంతో నడుస్తోంది. ఒక్కో అక్షరానికి 10 బిట్ల చొప్పున సెకనుకు 11,520 అక్షరాలే బయటికి వెళ్తాయి కాబట్టి, 80 అక్షరాల వరుస ఒక్కదానికే దాదాపు 7 మిల్లీసెకన్లు పడుతుంది. కొన్ని మైక్రోసెకన్ల సందులో జరిగే తప్పును పట్టుకోవాలని బయలుదేరి, ఆ సందునే నా చేతులతో మూసేశాను.

అందువల్ల ట్రేసింగ్ సాధనం, అంటే కెర్నెల్‌లో ఏది ఎప్పుడు జరిగిందో నమోదు చేసే సాధనం, రాయదలచినవారు తెర మీద ఏమి చూపించాలన్న ఆలోచనను పక్కన పెట్టి, ఒక్క సంఘటనను నమోదు చేసే కోడ్ నుంచే పని మొదలుపెట్టాలి. ఆ కోడ్‌లో వాక్యాలు కూర్చకండి. సమయం, సంఘటన సంఖ్య, ప్రాసెస్ సంఖ్య, దానికి సంబంధించిన రెండు మూడు విలువలు ముడి రూపంలో మెమరీలో రాసి వదిలేయండి. వాటిని చదవగలిగే వరుసలుగా మార్చే పని, ఎవరైనా చదవడానికి వచ్చినప్పుడు చేసుకోవచ్చు.

నమోదు కోడ్ ఎక్కడి నుంచైనా పిలవబడుతుంది: మామూలు ప్రాసెస్ నుంచి, హార్డ్‌వేర్ పిలుపు (ఇంటరప్ట్) వచ్చినప్పుడు నడిచే హ్యాండ్లర్ నుంచి, ఇంటరప్ట్‌లను ఆపి ఉంచినా లెక్కచేయకుండా వచ్చే ఎన్ఎంఐ నుంచి కూడా. మీ కోడ్ ఒక లాక్ (ఒకేసారి ఇద్దరు రాయకుండా ఆపే తాళం) పట్టుకుని ఉండగా అదే ప్రాసెసర్ కోర్‌పై ఎన్ఎంఐ వచ్చి అదే లాక్ కోసం ఎదురుచూస్తే, యంత్రం శాశ్వతంగా బిగుసుకుపోతుంది. కాబట్టి ఈ దారిలో లాక్ ఉండకూడదు, మెమరీ కేటాయింపు ఉండకూడదు. ప్రతి కోర్‌కూ విడిగా ఒక రింగ్ బఫర్ (చివరికి చేరాక మొదటికి తిరిగే మెమరీ భాగం) ఇవ్వండి. మన ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వచ్చిన పడవలన్నిటికీ ఒకే కాటా పెడితే చేపలు పాడయ్యేదాకా వరుసలో నిలబడాలి; పడవకొక కాటా ఉంటే ఎవరి తూకం వారిదే. ఒక కోర్‌పై ఇంటరప్ట్‌లు ఒకదానిలో ఒకటి ఇమిడి వస్తాయి, లోపలిది ముగిశాకే బయటిది కొనసాగుతుంది. ఈ క్రమాన్నే ఆధారం చేసుకుని, ముందు బఫర్‌లో చోటు రిజర్వ్ చేసి, రాసి, ఆ తర్వాత ఖాయం చేయండి. అన్నిటికన్నా బయటి నమోదు పూర్తయ్యాకే ఆ భాగం పాఠకుడికి కనిపించాలి. నమోదు కోడ్ పిలిచే ఫంక్షన్ కూడా ట్రేస్ అవుతుంటే అది తనను తానే పిలుచుకుంటూ పోతుంది కనుక, ఒక్కో సందర్భానికి (ప్రాసెస్, ఇంటరప్ట్, ఎన్ఎంఐ) ఒక్కో రక్షణ బిట్ పెట్టడం మరువకండి.

బఫర్ నిండినప్పుడు పాతవి చెరిపేయాలా, కొత్తవి వదిలేయాలా అన్నది వాడేవారికే విడిచిపెట్టవచ్చు. యంత్రం ఆగిపోయే లోపాలను వెతికేటప్పుడు పాతవి చెరపడమే మేలు. ఏది చేసినా, పోయిన సంఘటనల లెక్కను తప్పక చూపించండి. జరగని సంఘటనకూ నమోదు కాని సంఘటనకూ తేడా తెలియకపోతే, ఆ ట్రేస్‌ను నమ్మి చేసిన ప్రతి నిర్ణయమూ తప్పుదారి పడుతుంది.

ఇక ప్రోబ్‌ల, అంటే సంఘటనలను పట్టుకోవడానికి కోడ్‌లో పెట్టే నమోదు చోట్ల, సంగతి. వాడనప్పుడు ప్రోబ్ ఖర్చు దాదాపు సున్నా కావాలన్న నియమాన్ని 2005లో సొలారిస్ 10 ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చిన డీట్రేస్ అనే ట్రేసింగ్ సాధనం అందరికీ అలవాటు చేసింది. 2008లో లినక్స్ 2.6.27లో చేరిన ట్రేసింగ్ సాధనం ఎఫ్‌ట్రేస్, ప్రతి ఫంక్షన్ మొదట్లో కంపైలర్ చేర్చిన పిలుపును ఏ పనీ చేయని ప్రాసెసర్ సూచనగా (ఇన్‌స్ట్రక్షన్‌గా) మార్చి ఉంచుతుంది. కావలసినప్పుడు మాత్రమే తిరిగి పిలుపుగా మారుస్తుంది. నడుస్తున్న కోడ్‌ను మార్చడంలో ఉన్న ప్రమాదం ఆ విడుదలకు ముందే బయటపడింది. మాడ్యూల్ (నడుస్తుండగా చేర్చే కెర్నెల్ భాగం) ప్రారంభ కోడ్ ఉన్న మెమరీని కెర్నెల్ విడిపించిన తర్వాత, అదే చిరునామా ఈ1000ఈ నెట్‌వర్క్ కార్డు మెమరీకి దక్కింది. అక్కడ ఇంకా పాత పిలుపే ఉందనుకుని ఎఫ్‌ట్రేస్ పోల్చి మార్చే సూచనను వాడింది. పోలిక విఫలమైనా ఆ సూచన రాత చర్య చేస్తుంది కాబట్టి కార్డులోని శాశ్వత మెమరీ చెడిపోయి, కార్డులే పనికిరాకుండా పోయాయి. పరిశీలించడానికి వచ్చిన సాధనం హార్డ్‌వేర్‌ను పాడుచేసిన ఆ ఘటనను నేను కొత్తవారికి తప్పక చెబుతాను. మెమరీ విడుదలైన క్షణంలోనే దానికి చెందిన చిరునామాలను మీ పట్టిక నుంచి తొలగించండి. మార్చే ముందు కేవలం చదివి, ఊహించిన బైట్లే ఉన్నాయని తేల్చుకున్నాకే రాయండి.

వాడుకకు మామూలు ఫైళ్ళు చాలు. ట్రేస్‌లను ఫైళ్ళుగా చూపే లినక్స్ ట్రేస్‌ఎఫ్‌ఎస్‌లో మాదిరిగా, చదవడానికి క్యాట్, రాయడానికి ఎకో ఆదేశాలతోనే పని జరిగితే, అదనపు ప్రోగ్రాములేవీ ఎక్కించే వీలులేని చిన్న బోర్డుపైనా మీ సాధనం పనికొస్తుంది.

మా బోర్డుపై ప్రింట్‌కే వరుసలన్నీ తీసేసి, అవే చోట్ల ట్రేస్‌పాయింట్లు (కోడ్‌లోనే రాసి ఉంచే ప్రోబ్‌లు) పెట్టి రాత్రంతా నడిపాము. ఉదయానికి మూడు వరుసలు దొరికాయి: డ్రైవర్‌లో డేటా కోసం ఎదురుచూసే థ్రెడ్, డేటా వచ్చిందని తెలిపే జెండాను (ఫ్లాగ్‌ను) చూసి, డేటా రాలేదని తేల్చుకుంది, 4 మైక్రోసెకన్ల తర్వాత ఇంటరప్ట్ వచ్చి జెండా ఎత్తి, ఇంకా నిద్రపోని థ్రెడ్‌ను మేల్కొలిపింది, ఆ వెంటనే థ్రెడ్ నిద్రలోకి జారి, 2 సెకన్ల గడువు తీరేదాకా లేవలేదు. నిద్రపోతున్నట్లు ముందుగా ప్రకటించి ఆ తర్వాతే జెండాను చూసేలా మార్చగానే బెల్టు ఆగడం మానేసింది.

సాధనం సిద్ధమైందని చెప్పే ముందు, పరీక్ష బోర్డుపై ప్రోబ్‌లన్నీ తెరిచి, కెర్నెల్‌కు నేరుగా అత్యవసర ఆదేశాలు అందించే సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్ ఫైల్‌కు సి అక్షరం పంపి కెర్నెల్‌ను కావాలనే కూల్చండి. కెర్నెల్ కూలేటప్పుడు బఫర్‌ను కన్సోల్‌పై కుమ్మరించే ఏర్పాటు కానీ, కేడంప్ ద్వారా రెండో కెర్నెల్ లేచి మొదటిదాని మెమరీని భద్రపరిచే ఏర్పాటు కానీ ఉండాలి. ఆ విధంగా చేతికొచ్చిన ట్రేస్‌లో చివరి వరుస, మీరు సి అక్షరం పంపిన రాతకు సంబంధించినదేనా అని చూసుకోండి. కాకపోతే నమోదు కోడ్‌కే తిరిగి వెళ్ళాలి.