తోకచుక్క చూడటానికి బయల్దేరే ముందు

☐ చోటు. 2024 అక్టోబరులో సుచిన్షాన్-అట్లాస్ అనే తోకచుక్క కోసం మేడెక్కితే మాకు కనిపించింది ఎదురింటి ఫ్లడ్‌లైటే. హైదరాబాద్ వెలుగు దాటి వికారాబాద్ వైపు పోవడం మేలు. అడవిలోకి మాత్రం వద్దు, పడమర ఖాళీగా ఉన్న పొలాల పక్కన చాలు.

☐ వేళ. సూర్యుడి దగ్గరికొస్తేనే తోకచుక్కలోని మంచు ఆవిరై తోక పెరుగుతుంది. అందుకే పెద్ద తోకచుక్కలు ఎక్కువగా పొద్దుగూకాక పడమటనో, తెల్లవారుజామున తూర్పుననో, నేలకు దగ్గరగా ఉంటాయి. చెట్టు అడ్డొచ్చినా అంతే సంగతులు.

☐ 10×50 బైనాక్యులర్స్ (పది రెట్లు పెద్దగా చూపేవి, ముందు కటకం వెడల్పు 50 మి.మీ.). సూర్యుడు పూర్తిగా దిగాకే కళ్లకు పెట్టండి. తెల్లవారుజామునైతే సూర్యోదయానికి బాగా ముందే దించేయండి. పిల్లల చేతికిచ్చి పక్కకు పోవద్దు. పొరపాటున సూర్యుణ్ని చూస్తే కన్నే పోవచ్చు.

☐ టార్చికి చుట్టడానికి ఎర్ర జెలటిన్ కాగితం, రబ్బరు బ్యాండు. ఎర్ర వెలుగైతే చీకటికి అలవాటు పడ్డ కళ్లు అంతగా చెదరవు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20-30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్క వాట్సాప్ మెసేజ్ చూశారా, మళ్లీ మొదటికే!

☐ బూట్లు. పొలం గట్ల మీద పాములుంటాయి.

☐ ఆశ కాస్త తగ్గించుకోండి. ఫోటోల్లో అంత పొడవు తోక కెమెరా ఎక్కువసేపు తెరిచి తీసింది. కంటికి చాలాసార్లు దూదిపింజలా మసగ్గానే ఉంటుంది.